ప్లేస్కూల్లో అసలు టీచరు ఆయమ్మే

తెలుగిళ్ళలో పిల్లల ఎదుగుదలకి ఒక పాత లెక్క ఉంది. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాకుండలు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు. మొదటి అక్షరం కలవాలని కూర్చిన మాటలే కావచ్చు, కానీ ఆ ఆచారం వెనకాల ఒక పద్ధతి ఉంది. బిడ్డ ఏ నెలకి ఏం చెయ్యాలో ఎవరూ గడువు పెట్టలేదు. చేసిన రోజున మాత్రం వీధి వీధంతా పంచిపెట్టారు. అలా పంచాలంటే ఎవరో ఒకరు బిడ్డని కనిపెట్టుకుని ఉండాలి. చూసినవాళ్ళుంటేనే కదా బోర్లా పడిందని తెలిసేది.

ఏడాదిన్నర నిండగానే పిల్లల్ని ప్లేస్కూల్లో వెయ్యడం ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ, విశాఖల్లోనే కాదు, చిన్న పట్టణాల్లోనూ మామూలైపోయింది. అమ్మా నాన్నా ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్ళే ఇళ్ళలో, అమ్మమ్మా నాన్నమ్మా ఊళ్ళో ఉండిపోయిన ఇళ్ళలో అది తప్పదు కూడా. అందుకే పంపాలా వద్దా అన్నదానికంటే, పంపిన చోట పిల్లలు ఏం నేర్చుకుంటున్నారు, ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారు అన్నది పెద్ద ప్రశ్న. స్కూలు కరపత్రంలో రైమ్స్, రంగులు, ఆకారాలు, ఏబీసీడీలు ఉంటాయి. టీచర్ ఫొటో, ఆవిడ చేసిన కోర్సు పేరు ఉంటాయి. కానీ రెండేళ్ళ పాప రోజంతా లెక్క వేసి చూస్తే రైమ్స్‌కి పోయేది ఏ అరగంటో. మిగతాదంతా తినడం, కడుక్కోవడం, డైపర్ మార్పించుకోవడం, పడి లేవడం, ఏడవడం, నిద్రపోవడం. వీటన్నిట్లో పక్కన ఉండేది ఆయమ్మ. ఈ వయసు చదువు జరిగేది ఆ పనుల్లోనే. కరపత్రంలో మాత్రం ఆమె ఊసే ఉండదు.

ముందు మాటల సంగతి. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు పరిశోధకులు 1984లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. హిందీలో నాలుక పళ్ళకి తగిలే ‘త’కీ, నాలుక మడిచి పలికే ‘ట’కీ ఉన్న తేడా ఇంగ్లీషు ఇళ్ళలో పెరిగే పసివాళ్ళకి తెలుస్తుందా అని చూశారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ తేడా పట్టుకున్నారు. పది, పన్నెండు నెలలకి వచ్చేసరికి చాలామంది పట్టుకోలేకపోయారు. తెలుగులోనూ ఉన్నది అదే తేడా. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టిన మనవరాలు ‘తాత’ని ‘టాటా’ అని పిలిస్తే నవ్వుకుంటాం గానీ, ఆ చెవి రోజూ ఏ మాట వింటోందో ఆ మాటకి తగ్గట్టు మొదటి ఏడాదిలోనే కుదురుకుంటుంది. పెద్దయ్యాక నేర్చుకోలేరని కాదు, అప్పుడు కష్టపడాలి.

మరి వింటే చాలా? చాలదని తేల్చింది ప్యాట్రీషియా కుల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం. సియాటిల్‌లో తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకి పన్నెండు విడతలుగా చైనా మాండరిన్ మాటలు వినిపించారు. కొందరితో మాండరిన్ మాట్లాడే మనిషి ఎదురుగా కూర్చుని బొమ్మలతో ఆడారు, పుస్తకాలు చదివారు. కొందరికి అదే మనిషిని, అవే బొమ్మలతో, టీవీలో చూపించారు. మనిషితో ఆడినవాళ్ళు మాండరిన్ ధ్వనుల్లో తేడా పట్టుకోగలిగారు. టీవీ చూసినవాళ్ళకి ఏమీ రాలేదు. పసిపిల్లల గదిలో గోడకి పెద్ద స్క్రీన్ పెట్టి, రైమ్స్ వేసి, దాన్ని భాష నేర్పడం అనుకునే ప్రతి ప్లేస్కూలూ ఈ ప్రయోగం గురించి తెలుసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది పిల్లలకి స్క్రీన్ అసలు వద్దు, రెండేళ్ళవాళ్ళకి రోజు మొత్తంలో గంట దాటకూడదు, ఇంకా తగ్గితే ఇంకా మంచిది. ఆ గంట ఇంట్లోనే అన్నం తినిపించేటప్పుడు అయిపోతోందని అందరికీ తెలుసు.

టీవీ చెయ్యలేనిదీ మనిషి చెయ్యగలిగేదీ ఒకటుంది. పిల్ల అన్న మాట అందుకోవడం. కిటికీ మీద వాలిన కాకిని చూసి పాప ‘కా’ అంటుంది. పక్కనున్నావిడ అటు తిరిగి, ‘అవునమ్మా, కాకి! అన్నం కోసం వచ్చిందా? అదిగో ఎగిరిపోయింది, ఎటు పోయింది?’ అంటుంది. పాప చెయ్యి ఎత్తి ఆకాశం చూపిస్తుంది. మొత్తం పది సెకన్లు పట్టి ఉంటుంది. ఆ పది సెకన్లలో తను చూసినదాన్నే ఇంకొకరూ చూశారని పాపకి తెలిసింది, సగం మాట పూర్తి మాటై తిరిగొచ్చింది, ‘పోయింది’ అన్న క్రియ ఒకటి చెవిన పడింది, జవాబు చెప్పే వంతు తనకొచ్చింది. ఇలాంటివి రోజుకి ఎన్ని జరుగుతాయన్నదాని మీదే రెండేళ్ళకి ‘అమ్మ బువ్వ’, ‘తాత లేడు’ అని రెండు మాటలు కలపడం, ఆ తర్వాత మూడు కలపడం చాలావరకు ఆధారపడి ఉంటాయి.

ఇక్కడే మన స్కూళ్ళలో పెద్ద నష్టం ఒకటి జరుగుతోంది. ఆయమ్మకి తెలుగు నిండుగా వచ్చు. సామెతలు, సరసాలు, లాల, జోజో, బువ్వ, తాయి, దోబూచి, అన్నీ ఆమె నాలుక మీదే ఉన్నాయి. కానీ పిల్లలతో ఇంగ్లీషులోనే మాట్లాడాలని కొన్ని స్కూళ్ళలో రూలు పెడతారు. దాంతో ఆమె దగ్గర మిగిలేవి ‘కమ్’, ‘సిట్’, ‘ఈట్’, ‘నో’. రోజుకి వందల మాటలు చెప్పగలిగిన మనిషిని నాలుగు మాటల మనిషిని చేసి, ఆమె చేతుల్లో రెండేళ్ళ పిల్లల్ని పెడుతున్నాం. రెండు భాషల మధ్య పెరిగితే పిల్లలు తికమకపడతారన్న భయం అక్కర్లేదు, రెండూ నేర్చుకుంటారు. టెన్షన్ పడాల్సింది ఏ భాషా నిండుగా వినపడని గది గురించి.

చేతులు కడిగే చోట పావుగంట నిలబడితే ఒక స్కూలు గురించి చాలా తెలుస్తుంది. ఒకచోట పన్నెండు మంది పిల్లలు వరసలో ఉంటారు. ఆయమ్మ ఒక్కో చెయ్యీ పట్టి లాగి, కుళాయి కింద పెట్టి, తుడిచి, పక్కకి జరుపుతుంది. ఐదు నిమిషాల్లో పని పూర్తి. పన్నెండు మందికి అన్నం చల్లారిపోతుందన్న తొందర ఆమెది, తప్పు పట్టడానికి లేదు. ఇంకోచోట నలుగురే ఉంటారు. ‘ఏ చెయ్యి ముందు? ఇదా? సరే. సబ్బు జారిపోయింది, పట్టుకో పట్టుకో. నురగ చూడు. చల్లగా ఉందా నీళ్ళు? ఇప్పుడు రెండో చెయ్యి ఎక్కడుందో వెతుకుదాం.’ ఆ పాప చెయ్యి తనంతట తానే చాపుతుంది. సబ్బు జారుతుందని, నురగ నీళ్ళకి పోతుందని, చేతులు రెండున్నాయని, వాటిని ఇవ్వాలో వద్దో తనూ చెప్పగలనని తెలుసుకుంటుంది. లెక్కలూ సైన్సూ భాషా అన్నీ ఆ సింకు దగ్గరే ఉన్నాయి.

ఇది కొత్త ఆలోచన కాదు. హంగరీలో ఎమ్మీ పిక్లర్ అనే పిల్లల డాక్టర్ 1946లో బుడాపెస్ట్‌లోని లోట్సీ వీధిలో తల్లిదండ్రులు లేని పసివాళ్ళ కోసం ఒక నిలయం మొదలుపెట్టింది. అక్కడ ఆయాలకి నేర్పింది ప్రధానంగా ఒక్కటే: బిడ్డని ముట్టుకునే ముందు ఏం చెయ్యబోతున్నారో చెప్పండి, చెప్పాక బిడ్డ స్పందించేదాకా ఆగండి. డైపర్ మార్చడం, స్నానం చేయించడం, తినిపించడం తొందరగా ముగించాల్సిన పనులు కావని, బిడ్డ ఒక మనిషితో పూర్తిగా కలిసుండే సమయాలని ఆమె పట్టుదల. మన దగ్గర కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసి, ‘ఇదిగో పాపాయి ముక్కు, ఇదిగో బొజ్జ’ అంటూ లాల పోసే ముసలమ్మలు చేసింది ఆ పనే. దాన్ని ఒక పద్ధతిగా రాసి పెట్టుకోలేదు. ఆ చెయ్యి తిరిగిన తరం పోయాక ఇప్పుడు ప్లేస్కూల్లో ‘సెన్సరీ యాక్టివిటీ’ అని కొనుక్కుంటున్నాం.

పిల్లలు ఒంటరిగా నేర్చుకునేదీ ఉంది. రెండేళ్ళ బాబుకి రెండు స్టీలు గ్లాసులు, కాసిని నీళ్ళు ఇచ్చి చూడండి. ఇందులోంచి అందులోకి పోస్తాడు. సగం కింద పోతాయి. మళ్ళీ పోస్తాడు. నాలుక కాస్త బయటికి పెట్టి, ఊపిరి బిగబట్టి, ఇరవయ్యోసారి కూడా అంతే శ్రద్ధగా పోస్తాడు. గ్లాసు ఎంత వంచితే నీళ్ళు ఎంత వస్తాయో మణికట్టుకి తెలుస్తోంది. రేపు పెన్సిల్ పట్టబోయేది ఆ మణికట్టే. చొక్కా తడుస్తుందని గ్లాసు లాక్కుని, చేతిలో క్రేయాన్ పెట్టి, చుక్కల మీదుగా ‘ఏ’ దిద్దమంటే పని వెనక్కి నడిచినట్టే. ఈ వయసుకి మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. మూడేళ్ళు నిండకముందు వేళ్ళతో పెన్సిల్ పట్టించడం బిడ్డకి హింస, ఫొటోకి మాత్రమే ఉపయోగం.

గేటు దగ్గర ఏడుపు గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే ప్రతి జూన్‌లోనూ అమ్మల్ని కుమిలిపోయేలా చేసేది అదే. ‘వెనక్కి చూడకుండా వెళ్ళిపోండి, వారంలో అలవాటైపోతుంది’ అని సలహా ఇస్తారు. వారంలో చాలామంది పిల్లలు ఏడుపు ఆపేస్తారు, నిజమే. కానీ ఏడుపు ఆగడం, కుదురుకోవడం ఒకటి కావు. బిడ్డకీ పెంచేవాళ్ళకీ మధ్య అనుబంధాన్ని పరిశోధించిన జాన్ బోల్బీ, మేరీ ఐన్స్‌వర్త్ చెప్పినదాని సారం ఏమిటంటే, పసిబిడ్డకి నమ్మకమైన మనిషి ఒకరు దగ్గరుంటేనే చుట్టూ ఉన్న లోకాన్ని వెతికి చూసే ధైర్యం వస్తుంది. భయం వేస్తే ఆ మనిషి దగ్గరికి పరిగెత్తుతుంది, తేరుకుని మళ్ళీ ఆటకి పోతుంది. అమ్మ లేనిచోట ఆ మనిషి ఇంకొకరు కావాలి.

జర్మనీ క్రెష్‌లలో (పసిపిల్లల్ని పగలంతా చూసుకునే చోట్లలో) బాగా వాడుకలో ఉన్న బెర్లిన్ పద్ధతి దీని మీదే నిలబడింది. మొదటి మూడు రోజులు అమ్మో నాన్నో బిడ్డతోపాటు గదిలోనే కూర్చుంటారు, విడిచి వెళ్ళడం ఉండదు. నాలుగో రోజు చెప్పి, కాసేపు బయటికి వెళ్తారు. బిడ్డని ఎప్పుడూ ఒకే ఆయాకి అప్పగిస్తారు. బిడ్డ కుదురుకుందనడానికి వాళ్ళు చూసే గుర్తు చాలా లోతైనది: ఏడుపొచ్చినప్పుడు ఆ ఆయా ఎత్తుకుంటే ఊరుకుంటుందా? ఊరుకుంటే కుదురుకున్నట్టు. ఒక మూల కూర్చుని అసలు ఏడవకపోతే కాదు. మన ఊళ్ళలో అమ్మకి అన్ని రోజుల సెలవు దొరకదు, స్కూలువాళ్ళూ లోపలికి రానివ్వరు. అయినా బిడ్డ అటు తిరిగినప్పుడు చెప్పకుండా జారుకోవడం మాత్రం మానుకోవచ్చు. ‘ఆఫీసుకెళ్ళి, నువ్వు నిద్ర లేచాక వస్తా’ అని చెప్పి ఏడిపించి వెళ్ళడం, చెప్పకుండా మాయమవడం కంటే ఎంతో నయం. మాయమైతే మర్నాటి నుంచి ఆటలో కూడా అమ్మ వైపు ఒక కన్ను వేసి ఉంచుతుంది.

కొరకడం, బొమ్మ లాక్కోవడం, జుట్టు పీకడం గురించి వచ్చే ఫిర్యాదులు ఎక్కువే గానీ చెప్పేది తక్కువ. మూడేళ్ళలోపు పిల్లలు ఎక్కువగా ఒకరి పక్కన ఒకరు ఎవరి ఆట వాళ్ళు ఆడుకుంటారని మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1932లోనే గమనించింది. ‘షేర్ చేసుకో’ అంటే ఆ వయసుకి అర్థం కాదు. ఒకే రకం బొమ్మలు మూడు పెడితే సగం గొడవలు ఉండవు. మాట రాని కోపం పంటిలోంచి వస్తుంది, మాటలు వచ్చేకొద్దీ తగ్గుతుంది.

నియమాల సంగతి చూస్తే ఒక వింత కనబడుతుంది. 2002లో 86వ సవరణతో మారిన రాజ్యాంగం 45వ అధికరణం, ఆరేళ్ళు నిండేదాకా పిల్లలందరికీ సంరక్షణా విద్యా అందించడానికి రాజ్యం ప్రయత్నించాలంటుంది. 2020 జాతీయ విద్యా విధానం మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళలోపే జరుగుతుందని చెప్పి, చదువు మెట్లు మాత్రం మూడేళ్ళ నుంచి మొదలుపెట్టింది. ప్రైవేటు ప్లేస్కూళ్ళ కోసం జాతీయ బాలల హక్కుల కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల కోసమే. ఒకటో తరగతికి ఆరేళ్ళ నిబంధన మీద వచ్చిన కేసులో, మూడేళ్ళు నిండని పిల్లల్ని ప్రీస్కూలుకి బలవంతంగా పంపడం తల్లిదండ్రులు చేసే చట్టవిరుద్ధమైన పని అని గుజరాత్ హైకోర్టు 2023 సెప్టెంబరులో అంది. అంటే ‘ప్లేగ్రూప్’ పేరుతో ఏడాదిన్నర, రెండేళ్ళ పిల్లలున్న గది నిజానికి క్రెష్. దాన్ని క్రెష్ అని ఒప్పుకుంటే అడగాల్సిన ప్రశ్నలు మారతాయి. సిలబస్ ఏమిటని కాక, చూసుకునేవాళ్ళు ఒక్కొక్కరికీ ఎంతమంది పిల్లలని అడుగుతాం. మన జాతీయ ప్రమాణాలు మూడేళ్ళు దాటినవాళ్ళకి ఇరవై మందికి ఒకరు, మూడేళ్ళలోపు వాళ్ళకి పది మందికి ఒకరు ఉండాలంటున్నాయి. పది కూడా ఎక్కువే.

ఎందుకు ఎక్కువంటే, ఎంతో మంచి చేసిందని లోకమంతా చెప్పుకునే కార్యక్రమంలో అంతమంది లేరు. అమెరికా నార్త్ కరోలినాలో 1972లో మొదలైన అబెసిడేరియన్ ప్రాజెక్టు పేద కుటుంబాల పిల్లల్ని నెలల వయసు నుంచి ఐదేళ్ళ దాకా రోజంతా చూసుకుంది. పసివాళ్ళకి ముగ్గురికి ఒకరు, పెద్దవాళ్ళకి ఆరుగురికి ఒకరు. ఆ పిల్లలు ముప్పై ఏళ్ళవాళ్ళయ్యేసరికి వాళ్ళలో 23 శాతం మంది డిగ్రీ పూర్తిచేశారు, ఆ సంరక్షణ అందనివాళ్ళలో 6 శాతమే. కెనడాలో క్యుబెక్ ప్రభుత్వం 1997లో రోజుకి 5 డాలర్లకే పిల్లల సంరక్షణ మొదలుపెట్టింది. చాలామంది తల్లులు ఉద్యోగాల్లోకి వెళ్ళగలిగారు, అది చిన్న మేలు కాదు. కానీ 2008లో వచ్చిన ఒక విశ్లేషణలో పిల్లల్లో దూకుడు, ఆందోళన పెరిగినట్టు తేలింది. సీట్లు పెరిగినంత వేగంగా మంచి మనుషులు దొరకలేదన్నది దానికి చాలామంది చెప్పే కారణం.

మనకి ఇంకా దగ్గరగా అనిపించేది జమైకా కథ. 1986–87లో కింగ్‌స్టన్ పేటల్లో ఎదుగుదల ఆగిన 129 మంది పిల్లల్ని శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ బృందం ఎంచుకుంది. అందరూ తొమ్మిది నెలల నుంచి రెండేళ్ళ మధ్యవాళ్ళు. కొందరికి పోషకాహారం ఇచ్చారు. కొందరి ఇళ్ళకి రెండేళ్ళపాటు వారానికోసారి ఆరోగ్య కార్యకర్త వెళ్ళి, ఇంట్లో దొరికే వాటితో చేసిన బొమ్మలతో తల్లీబిడ్డల్ని ఆడించింది. కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే ఆటలు అందినవాళ్ళ సంపాదన 25 శాతం ఎక్కువగా ఉంది. ఒట్టి ఆహారం అందినవాళ్ళలో అంతకాలం నిలిచిన తేడా కనబడలేదు.

తెలంగాణలో 35 వేలకి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకి పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. వాటిని నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) 1975 అక్టోబరు 2న మొదలైనప్పటి నుంచీ ఆటపాటల బడి మూడేళ్ళు దాటినవాళ్ళకి. అంతకన్నా చిన్నవాళ్ళకి బరువు తూచడం, టీకాలు, ఇంటికి ఇచ్చే ఆహారం. తెలంగాణలో అయితే నెలకి రెండున్నర కిలోల బాలామృతం అనే పోషకాహార పొడి ప్యాకెట్, గుడ్లు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్కల్లో ఐదేళ్ళలోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్ళు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రలో 31.2 శాతం. కాబట్టి ఆ ప్యాకెట్ చాలా అవసరం. దానితోపాటు వెళ్ళాల్సిన ఆట ఇన్నేళ్ళూ వెళ్ళలేదు. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2024లో ‘నవచేతన’ పేరుతో పుట్టినప్పటి నుంచి మూడేళ్ళదాకా నెలనెలా చేయించాల్సిన 140 ఆటపాటలతో ఒక క్యాలెండర్ తెచ్చింది. చాలా ఆలస్యంగానైనా సరైన పని. అది రిజిస్టర్లలో ఇంకో కాలమ్‌గా మిగిలిపోకుండా ఉండాలంటే ఒక దారి పక్క రాష్ట్రంలోనే ఉంది. ఒడిశాలో 192 ఊళ్ళలో జమైకా పద్ధతిని రెండు రకాలుగా పరీక్షించారు. ఇంటింటికీ వెళ్ళి నేర్పినా, కొద్దిమంది తల్లుల్ని ఒకచోట కూర్చోబెట్టి నేర్పినా పిల్లలకి మేలు ఇంచుమించు సమానంగానే జరిగింది, కూర్చోబెడితే ఖర్చు బాగా తగ్గింది. బాలామృతం తీసుకోవడానికి తల్లులు ఎలాగూ కేంద్రానికి వస్తారు. ఆ రోజు ఒక అరగంట చాలు.

మళ్ళీ ఆయమ్మ దగ్గరికి. అంగన్‌వాడీలో అయినా ప్రైవేటు స్కూల్లో అయినా శిక్షణ అంటే టీచర్‌ని పిలుస్తారు. ఆయమ్మకి ఫినాయిల్ సీసా, చీపురు, ‘పిల్లలు కింద పడకుండా చూడు’ అన్న మాట ఇస్తారు. జీతం చాలక ఏడాది తిరక్కుండా ఆమె ఇంకోచోటికి పోతుంది. ఆమెతో కుదురుకున్న బిడ్డకి అది రెండోసారి గేటు దగ్గర వదిలేసినట్టు. స్కూలు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఏసీ, స్లైడ్, సీసీ కెమెరా చూస్తారు. పోయిన జూన్‌లో ఉన్న ఆయమ్మల్లో ఇప్పుడు ఎంతమంది ఉన్నారని అడగాలి. వాళ్ళు పిల్లల ఎత్తుకి కిందికి వంగి మాట్లాడుతున్నారా, పై నుంచి కేకేస్తున్నారా అన్నది వినాలి. ఫీజులో వాళ్ళ జీతం వాటా పెంచమని తల్లిదండ్రులంతా కలిసి అడిగితే కాదనే స్కూళ్ళు కూడా ఆలోచిస్తాయి.

సాయంత్రం అమ్మ ఫోన్‌కి ‘భోజనం చేసింది, పడుకుంది’ అని ఒక మెసేజ్ వస్తుంది, రంగు కాగితం ఫొటో ఒకటి వస్తుంది. దానికి బదులు ఆయమ్మ చేతికి ఫోన్ ఇచ్చి అర నిమిషం వాయిస్ మెసేజ్ పెట్టమంటే చాలు, రాయడం రాకపోయినా ఫర్వాలేదు. ‘ఇవాళ పదకొండింటికి వానొచ్చిందమ్మా. పాప కిటికీలోంచి చెయ్యి బయటపెట్టింది. నీలు, నీలు అంది. పై నుంచి పడుతున్నాయా అంటే తలెత్తి చూసింది. రేపు మళ్ళీ వస్తాయా అన్నాను, చేతులు తిప్పింది. అన్నం సగమే తింది గానీ అరటిపండు మొత్తం తినేసింది.’